మాస్కో దాకా వెళ్లని డిఫెండర్లు

 టైమ్ చాలక ఈ వారం ఎపిసోడ్‌లో కొంత చెప్పలేదు, అది ఇక్కడ రాస్తున్నాను.

కేఎల్‌లో మెర్డెకా 118 బిల్డింగ్ చూసే ఉంటారు, 678.9 మీటర్లు. మనలాంటోళ్లం దాన్ని చూసేటప్పుడు తల పైకే ఎత్తుతాం. దాని పక్కనే కింద ఉన్న పాత స్టేడియం మీద మాత్రం చూపు పడదు. 1957 ఆగస్టు 31న మలయాకి స్వాతంత్ర్యం వచ్చిందని ప్రకటించింది అక్కడే. మెర్డెకా కప్ కూడా ఆ ఏడాదే మొదలైంది. 1959లో, 1964లో మన ఇండియా జట్టు ఆ కప్‌లో రెండో స్థానంలో నిలిచింది.

1980 ఏప్రిల్ 6న అదే గ్రౌండ్‌లో మలేషియా 2-1తో దక్షిణ కొరియాని ఓడించి మాస్కో ఒలింపిక్స్‌కి అర్హత సాధించింది. గెలిపించిన గోల్ కొట్టింది జేమ్స్ వాంగ్, కానీ నేను చెప్పేది డిఫెండర్ సోహ్ చిన్ ఆన్ గురించి. వెనక లైన్‌లో అతని జోడీ సంతోఖ్ సింగ్. గోల్‌లో ఆర్.ఆర్ముగం, చేతులు పొడవని ‘స్పైడర్‌మ్యాన్’ అనేవారు. ఒక చైనీస్, ఒక సర్దార్‌జీ, ఒక తమిళుడు. ముందు గోల్స్ కొట్టే మొఖ్తార్ దహారి పేరు ఇక్కడ ఏ మామాక్ షాపులో అడిగినా చెప్తారు. డిఫెండర్ సంగతి మన సెంట్రింగ్ కింద జాకీల్లాంటిదే. స్లాబ్ బాగా వస్తే వాటినెవరూ తలుచుకోరు, ఒక్కటి జారితే మాత్రం సైటంతా అక్కడికే పరిగెడుతుంది.

కానీ జట్టు మాస్కో వెళ్లలేదు. సోవియట్ సైన్యం అఫ్ఘానిస్తాన్‌లోకి దిగిందని మలేషియా ప్రభుత్వం ఆ ఒలింపిక్స్‌ని బహిష్కరించింది. వీళ్ల బదులు ఇరాక్ ఆడింది. మన ఇండియా మాత్రం వెళ్లి హాకీలో బంగారం తెచ్చుకుంది. బహిష్కరణ తప్పా ఒప్పా అన్న వాదనలోకి నేను పోను. మెడికల్ పాసై, బట్టలు సర్దుకున్నాక వీసా ఆగిపోయినోళ్లు మనలో ఉన్నారు. ఆ కుర్రాళ్లకి ఆ రాత్రి నిద్ర పట్టి ఉండదని వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

సోహ్ అప్పటికే 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ ఆడాడు, 1974 టెహ్రాన్ ఆసియా క్రీడల్లో కంచు గెలిచాడు. అతను దేశానికి ఆడిన మ్యాచ్‌ల్లో ఫిఫా లెక్కలోకి వచ్చినవే 195. అయినా అది ఆటతో బతికే కాలం కాదు. ఇక్కడ సెమీ ప్రో లీగ్ మొదలైందే 1989లో. సోహ్ 1984కే అంతర్జాతీయ ఆట ముగించాడు. ఆర్ముగం ఆ లీగ్ మొదలవడం చూడనే లేదు. 1988 డిసెంబర్‌లో కారు యాక్సిడెంట్‌లో పోయాడు, వయసు 35. మొఖ్తార్ కండరాలు చచ్చుబడే జబ్బుతో 1991లో పోయాడు, 37 ఏళ్లకే.

మిగిలినవాళ్లు తలలు నెరిశాక, 2016లో వాళ్ల కథ ఆధారంగా ‘ఓలా బోలా’ సినిమా వచ్చింది. పేర్లు మార్చారు, కల్పన కూడా ఉంది. కానీ హీరో డిఫెండరే, మొఖ్తార్ కాదు. నాకు నచ్చింది అదే. దొరికితే ఆదివారం రూమ్‌లో అందరూ కలిసి చూడండి. సబ్‌టైటిల్స్ చదవలేని తమ్ముడుంటే పక్కన కూర్చుని చెప్పండి.