ఉద్యోగం వద్దన్న హబీబ్

హౌరా–నాగ్‌పూర్ రైలు మార్గంలో బిలాస్‌పూర్ దాటాక, రాయ్‌పూర్ రాకముందే తిల్దా వస్తుంది. బియ్యం మిల్లుల ఊరు. ఫుట్‌బాల్ చరిత్రలో దాని పేరు కనబడదు గానీ, అటుగా పట్టాలు వేసిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పేరు మాత్రం కనబడుతుంది. ఆ కంపెనీ కనుమరుగై సౌత్ ఈస్టర్న్ రైల్వే వచ్చాక కూడా కలకత్తా లీగులో రైల్వే జట్టు బి.ఎన్.ఆర్. అన్న పాత పేరుతోనే ఆడింది, 1963లో ఐ.ఎఫ్.ఎ. షీల్డు గెలిచింది. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం కలకత్తా క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌లో వెలిగి, చివరికి చేరింది ఈ రైల్వే జట్టులోనే. అప్పట్లో మన దేశంలో బంతి తన్నేవాడికి అన్నం పెట్టింది ఎక్కువగా ఇలాంటి కొలువులే: రైల్వే, పోలీసు, సైన్యం. ఆట వల్ల ఉద్యోగం దొరికేది, ఉద్యోగం వల్ల ఇల్లు గడిచేది. ఆటే ఉద్యోగం కావడం వేరే సంగతి. ఆ తేడా తెలియాలంటే హైదరాబాదీ మిడ్‌ఫీల్డర్ మహమ్మద్ హబీబ్ జీవితం చూడాలి.

హబీబ్ కన్నా ముందు హైదరాబాద్ ఫుట్‌బాల్ అంటే పోలీసు జట్టే. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీసు వెనక సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులు ఉన్నారు. ఆయన పద్ధతులు ఇప్పటికీ కొత్తగానే అనిపిస్తాయి. డ్రిబ్లింగ్ చేయకూడదన్న షరతుతో పోటీలు పెట్టేవారు. అలవాటు లేని కాలితోనే ఆడాలని ఇంకొన్ని పెట్టేవారు. కాళ్ల దగ్గరికి వచ్చిన బంతిని అట్టే ఉంచుకోకుండా సాటివాడికి అందించాలంటే అది రాకముందే చుట్టూ చూసి ఉండాలి. మైదానం నడుమ ఆడేవాడికి కావలసిన విద్య సరిగ్గా అదే. 1952, 1956 ఒలింపిక్స్‌లో ఆడిన హాఫ్ బ్యాక్ నూర్ మహమ్మద్, 1960లో రోమ్ వెళ్లిన యూసఫ్ ఖాన్ ఈ బడి విద్యార్థులే. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియాడ్‌లో బంగారం రహీం శిక్షణలో వచ్చినవే.

ఇక్కడే ఒక అభ్యంతరం ఎదురవుతుంది. ఉద్యోగస్థులే ఇంత గెలిచినప్పుడు కొలువు ఆటకు అడ్డమని ఎలా అంటాం? అడ్డమని నేనూ అనను. పైగా గోల్ కొట్టనివాడికి కొలువు మేలే చేసింది. ఫార్వర్డు విలువ మర్నాటి పత్రికలో అంకెలుగా వస్తుంది. హాఫ్ బ్యాక్ ఆటంతా పరిగెత్తి అడ్డుకున్న దాడులను ఎవరూ లెక్కపెట్టరు. నెల జీతం మాత్రం ఇద్దరికీ ఒకటో తారీకునే వస్తుంది. అయితే ఆ ఏర్పాటు జట్టును నిలిపినంతగా ఆటగాడిని నిలపలేదు. అతని భవిష్యత్తు ఆట చేతిలో కాక శాఖ చేతిలో ఉండేది. ఆటగాణ్ని తయారుచేసే రహీం లాంటివాళ్లు మాత్రం శాఖకు అదనపు అదృష్టం. దాని నిబంధనల్లో లేనివాళ్లు. 1963లో రహీం పోయారు. 1965–66లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత మళ్లీ గెలవలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1966లో, హబీబ్ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. 1949లో పుట్టినవాడు, అప్పటికి ఇరవై కూడా నిండలేదు. తర్వాతి కాలంలో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడాడు. ఆటగాళ్లు క్లబ్బులు మారే రుతువును కలకత్తాలో ‘దళ్‌బదల్’ అనేవారు. సంతకం అయ్యేదాకా ఎదుటి క్లబ్బు కంట పడకుండా ఆటగాళ్లను దాచేవారు. ఆ సంత అసహ్యంగా ఉండవచ్చు, కానీ ఆటగాడి పనికి ధర పలికింది అక్కడే. సహ ఆటగాళ్లు ఆ డబ్బుతో పాటు ఏ బ్యాంకులోనో కొలువు కూడా చూసుకునేవారు. హబీబ్ ఉద్యోగాలు ఇస్తామన్నా వద్దన్నాడు. అతన్ని మన తొలి అసలైన ప్రొఫెషనల్ అనడం అందుకే. 1970 బ్యాంకాక్ ఏషియాడ్‌లో కాంస్యం గెలిచిన భారత జట్టులో ఉన్నాడు. 1977 సెప్టెంబరులో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ 2–2తో నిలిచినప్పుడు ఒక గోల్ అతనిదే.

గోల్స్ కొట్టినవాడు మిడ్‌ఫీల్డర్ ఎలా అవుతాడని అడిగేవాళ్లున్నారు. ముందు వరసలోనూ ఆడాడు, నిజమే. అయినా ‘బడే మియా’ అన్న పేరు గోల్స్ లెక్కతో వచ్చింది కాదు. వెనక్కి దిగి బంతి లాక్కుని, మళ్లీ పైకి పరిగెత్తే ఆ మొండితనానికి వచ్చింది. నడుమ ఆటకు అంకెల సాక్ష్యం లేకపోయినా క్లబ్బులు ఏళ్ల తరబడి అతని కోసం పోటీ పడటమే సాక్ష్యం.

భద్రత సంగతేమిటన్నది గట్టి ప్రశ్న. కొలువు వద్దన్నవాడికి పింఛను ఉండదు. ఒప్పందాలు వచ్చాక ఆ బాధ తీరిందనడానికీ లేదు: 2021–22లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్.సి. రెండేళ్లు తిరక్కముందే జీతాలు ఇవ్వలేక ఆటగాళ్లను పోగొట్టుకుంది. హబీబ్ కూడా ఆట మానాక జంషెడ్‌పూర్‌లో టాటా ఫుట్‌బాల్ అకాడమీలో కోచ్‌గా చేరాడు. అంటే ఒక ఉక్కు కంపెనీ నీడకే వచ్చాడు. కానీ వచ్చింది గుమాస్తాగా కాదు, ఫుట్‌బాల్ నేర్పడానికి.