రంగంలో ఉన్న రంగు

మా అవ్వ నోట "రంగస్థలం" అనే మాట ఎప్పుడూ వినలేదు. "స్టేజీ కట్నారంట, పోదాం పా" అనేది. నాటకం కూడా కాదు, డ్రామా. రంగస్థలం పుస్తకాల్లో, కరపత్రాల్లో ఉండే మాట. 2018లో సినిమా వచ్చాకే మా ఇంట్లోకి వచ్చింది.

ఆ మాటను విప్పితే ఒక వింత. రంగం అంటేనే ఆట ఆడే చోటు. నాట్యశాస్త్రంలో రంగపీఠం, రంగశీర్షం అన్నప్పుడు ఆ అర్థమే. స్థలమన్నా చోటే. ఒక చోటుకు రెండు పేర్లెందుకు? నా ఊహ ఇదీ: రంగం మన చేతుల్లో బాగా సాగిపోయింది. రణరంగం, విద్యారంగం, ప్రభుత్వ రంగం. సికింద్రాబాదు బోనాల్లో పచ్చి కుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పడమూ రంగమే. ఉత్తరాంధ్ర నుంచి కూలికి ఓడెక్కినవాళ్ళకు రంగమంటే రంగూన్. ఇంతమంది వాడుకున్నాక, నాటకాల వాళ్ళకు పక్కన ఒక స్థలం తగిలించుకోక తప్పలేదేమో.

మూలం మాత్రం చోటు కాదు. సంస్కృతంలో "రంజ్" ధాతువుకు రంగు పట్టడం, మనసు పడటం రెండూ అర్థాలే. రాగం, అనురాగం, రంజకం, రక్తి అన్నీ ఆ ఇంటి పిల్లలే. ఆట కుదిరితే "రక్తి కట్టింది" అంటాం కదా, అదీ ఇక్కడిదే.

కడప జిల్లాలో ఈ మాటకు రెండు రూపాలు చూడొచ్చు. ఒకటి రాయి. ఒంటిమిట్ట కోదండరాముడి గుడిలో 32 స్తంభాల రంగమండపం ఉంది. 1652లో వచ్చిన ఫ్రెంచి రత్నాల వ్యాపారి తావెర్నియే ఆ గుడిని మెచ్చుకున్నాడు. నేనూ మెచ్చుకున్నాను, కానీ ఒక తేదీ గుర్తుకొచ్చింది. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది 1947లో. అప్పటిదాకా గుళ్ళలోకి రానివ్వని కులాలకు ఇలాంటి రంగాలన్నీ గోడ అవతలి సంగతులే.

రెండోది గుడ్డ. తోలుబొమ్మలాట వాళ్ళు గుంజలు పాతి, తెల్లబట్ట బిగించి, వెనక దీపం పెడితే రంగం తయారు. వీధిలో ఎవరైనా కూచోవచ్చు. తోలును పలచగా గీకి రంగులద్దుతారు. వెలుగు దాన్లోంచి సాగి రంగు తెర మీద పడుతుంది. నిఘంటువులో విడివిడిగా ఉన్న రెండు అర్థాలూ ఆ తెర మీద ఒకటే.

మరాఠీ మూలాలున్న ఆ బొమ్మలాట కుటుంబాల్లోంచే వనారస వాళ్ళు 1885లో సురభి అనే పల్లెలో బొమ్మల్ని పక్కన పెట్టి, తామే వేషాలు కట్టి కీచకవధ ఆడారు. ఊరి పేరే నాటక సమాజానికి పేరైంది. మగవాళ్ళే చీర కట్టి ఆడుతున్న కాలంలో సురభి ఇళ్ళ ఆడవాళ్ళు ఆడవేషాలు వేశారు. పరదాలూ పెట్టెలూ ఎత్తుకుని ఊరూరా తిరిగారు. వాళ్ళకు రంగం ఉంది, స్థలమే లేదు.

ఇప్పుడు మా ఊళ్ళో సిమెంటు స్టేజీ ఉంది, దాతల పేర్లు చెక్కిన బండతో సహా. ఏడాదిలో ఎక్కువ రోజులు దాని మీద చెనక్కాయలు ఆరబోస్తారు. పోయిన శ్రీరామనవమికి చిమ్మి, పరదా కట్టి కురుక్షేత్రం ఆడారు. తెల్లారేసరికి కృష్ణుడి నీలం రంగు చెమటకు కారి సిమెంటు మీద అక్కడక్కడా పడి ఉంది. కాయలు పోయడానికి వచ్చినామె కాలితో రుద్ది చూసి, "పోలా" అని, దాని మీదే గంప దించింది.