ఆల్కహాలిక్స్ అనానిమస్: అజ్ఞాత సభలకు దారులు

మద్యపాన వ్యసనం నుంచి బయటపడదలచినవారు ఒకరికొకరు తోడుగా నడుపుకొనే ఆల్కహాలిక్స్ అనానిమస్ (సభ్యుల వాడుకలో ఏఏ) చరిత్రను సభ్యుల సంఖ్యలతోనో మహాసభల తేదీలతోనో చెప్పడం ఆనవాయితీ. అయితే సభ్యుల పేర్లు లోకానికి వెల్లడి కారాదన్న నియమం మీద నిలిచిన ఈ సంస్థ, సాయం వెతుక్కుంటున్నవారి కంటికి మాత్రం తప్పక ఆనవలసి ఉంటుంది గనుక, ఈ రెంటికీ పొత్తు కుదర్చడానికి సాగిన ప్రయత్నమే దాని అసలు చరిత్ర అనడం సమంజసం.

ఆ వెతుకులాట సంస్థ పుట్టుకలోనే ఉంది. న్యూయార్క్ షేర్ మార్కెట్ వ్యాపారి బిల్ విల్సన్, తాగుడు మానిన కొద్ది నెలలకే, 1935 మే నెలలో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ నగరానికి వ్యాపార పని మీద వెళ్లి, అది చెడిపోగా, మళ్లీ తాగుతానేమోనన్న భయంతో మేఫ్లవర్ హోటల్‌లో ఉన్న చర్చిల జాబితా చూసి ఒక మతాచార్యునికి ఫోన్ చేశాడు. ఆయనకు అప్పుడు కావలసింది ఉపదేశం కాదు, తనలాగే తాగుడుతో సతమతమవుతున్న మరో మనిషి. ఆ ఫోనుతో మొదలైన విచారణ హెన్రియెటా సైబర్లింగ్ అనే స్థానిక మహిళ ద్వారా శస్త్రవైద్యుడు డాక్టర్ బాబ్ స్మిత్ వద్దకు చేరింది. ఆ వైద్యుడు చివరిసారి తాగిన 1935 జూన్ 10వ తేదీనే ఏఏ తన జన్మదినంగా లెక్కిస్తుంది.

1939లో సంస్థ పేరుతోనే వెలువడిన గ్రంథం వ్యసన విముక్తికి పన్నెండు మెట్లను వివరించింది. 1941 మార్చిలో ఒక ప్రసిద్ధ అమెరికన్ వారపత్రిక ప్రచురించిన వ్యాసంతో, అంతవరకు రెండు వేల దరిదాపుల్లో ఉన్న సభ్యత్వం ఆ ఏడాది చివరికి ఎనిమిది వేలకు పెరిగింది. ప్రచారం మేలు చేసిన మాట నిజమే గాని, పేరు మోసిన సభ్యుడొకడు పత్రికలకెక్కి ఆ తరువాత మళ్లీ తాగితే సంస్థ మొత్తం నవ్వులపాలవుతుందన్న జంకు కూడా దానితోపాటే పెరిగింది. ఆ అనుభవాలను క్రోడీకరించి 1946లో ప్రకటించి, 1950లో క్లీవ్‌లాండ్ మహాసభలో ఆమోదించినవే పన్నెండు సంప్రదాయాలు, అంటే సభ్యులు కూడుకొనే స్థానిక గ్రూపులు పాటించవలసిన కట్టుబాట్లు. సభ్యత్వానికి తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత, రుసుము లేదు, బయటివారి విరాళం తీసుకోరు, పత్రికల్లో, రేడియోలో, సినిమాల్లో సభ్యులు తమ పేరు బయటపెట్టరు.

భారతదేశంలో ఏఏ 1957లో బొంబాయిలో వేళ్లూనింది. మన నగరాల్లో ఈ గ్రూపుల మీటింగులు తరచు చర్చి ఆవరణల్లో, బడి గదుల్లో జరగడం వల్ల ఇదేదో మత సంస్థ అన్న అపోహ కొందరిలో కలిగింది గాని, మెట్లలో వచ్చే దేవుని ప్రస్తావనను ఎవరికి వారు తమ నమ్మకం ప్రకారం అర్థం చేసుకొనే స్వేచ్ఛ మొదటినుంచీ ఉంది. అయినా ఆ ప్రస్తావన నాస్తికులకు ఇబ్బందిగానే ఉంటుందన్న విమర్శను తోసిపుచ్చలేము.

తెలుగు నేల సంగతి కొంత వేరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు లేవనెత్తిన సారా వ్యతిరేక ఉద్యమం 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్య నిషేధానికి దారితీసింది. 1997లో ఆ నిషేధం సడలింది. ఆ సంవత్సరాల వాదోపవాదాలన్నీ దుకాణం చుట్టూ, ఖజానా చుట్టూ తిరిగాయే తప్ప, దుకాణం మూసినా తెరిచినా మానలేని మనిషి ఎక్కడికి పోవాలన్న ప్రశ్నకు తగినంత చోటు దొరకలేదు.

ఆ ప్రశ్నకు నేడు జవాబు దొరికే దారులు కొన్ని ఉన్నాయి. హైదరాబాద్, విశాఖపట్నం వంటి నగరాల్లోని గ్రూపుల వివరాలు ఏఏ సహాయ ఫోన్ల ద్వారా, మద్యపాన విముక్తి కేంద్రాల వైద్యుల ద్వారా తెలుస్తాయి. కుటుంబసభ్యులకు, ఆసక్తి గలవారికి ప్రవేశమున్నది ఓపెన్ మీటింగ్. మానదలచినవారికే పరిమితమైనది క్లోజ్డ్ మీటింగ్. మొదట నాలుగైదు మీటింగులకు వెళ్లి, మాటా మనుషులూ సరిపడిన ఒకదాన్ని హోం గ్రూపుగా ఎంచుకోవడం, అందులో ఒక పాత సభ్యుని స్పాన్సర్‌గా, అంటే దారి చూపే తోడుగా, అడగడం పరిపాటి. 2020 తరువాత విస్తరించిన ఆన్‌లైన్ మీటింగులు విదేశాల్లోని తెలుగువారికీ, గడప దాటి చెప్పుకోలేని స్త్రీలకూ ఉపయోగపడగలవు. 1951లో వ్యసనపరుల కుటుంబాల కోసం ఏర్పడిన అల్-అనాన్ గ్రూపులు వేరుగా ఉన్నాయి. తాగేవాడు కదలకపోయినా భార్య ఒక్కతే అక్కడికి వెళ్లవచ్చునన్న విషయం మన ఇళ్లలో తెలిసినవారు తక్కువే.

మీటింగు వైద్యానికి ప్రత్యామ్నాయం కాదు. ఏళ్ల తరబడి అతిగా తాగినవారు ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్స్, మతిభ్రమణం కలిగి ప్రాణం మీదికి రావచ్చు గనుక ముందు వైద్యుని పర్యవేక్షణ అవసరం. టెలి మానస్ 14416 నంబరు ద్వారా మానసిక ఆరోగ్య సలహా ఉచితంగా లభిస్తుంది. వైద్య పర్యవేక్షణ ముగిసిన తరువాతి కాలానికి మీటింగు ఎంతవరకు పనికివస్తుందన్నదానికి, ఏఏ బాట పట్టించే చికిత్సలు పూర్తిగా మానివేయడంలో ఇతర పద్ధతులకు తీసిపోవనీ, కొన్ని కొలతల్లో మెరుగనీ వైద్య పరిశోధనలను క్రోడీకరించే కాక్రేన్ సంస్థ 2020 నాటి సమీక్ష తేల్చింది.

సమీపంలో ఏ మీటింగూ లేని మండల కేంద్రానికి కూడా ఏఏ సంప్రదాయాలు ఒక వెసులుబాటు ఇస్తున్నాయి: వేరే ఏ సంస్థతోనూ ముడిపెట్టుకోకుండా, తాగుడు మానడం కోసం వ్యసనపరులు ఇద్దరు ముగ్గురు ఒకచోట కూడితే, పైనుంచి ఎవరి అనుమతీ లేకుండానే అది ఏఏ గ్రూపు అవుతుంది.