రీఫోకసింగ్ పల్సు

కేంద్రక అయస్కాంత అనునాద (ఎన్.ఎం.ఆర్.) వర్ణపటశాస్త్రంలో, వేర్వేరు వేగాలతో తిరుగుతూ దశ తప్పిన స్పిన్‌లను మరల ఒకే దశకు చేర్చే 180° రేడియో పల్సును రీఫోకసింగ్ పల్సు అంటారు. ప్రోటాను, కార్బన్-13 వంటి రెండు భిన్న మూలకాల కేంద్రకాలను కలిపి పరిశీలించే ప్రయోగాలు విజాతీయ కేంద్రక ప్రయోగాలు. వీటిలో ఏ సమాచారం నిలుస్తుంది, ఏది తొలగిపోతుంది అన్నది ఈ పల్సును ఏ కేంద్రకానికి ఇచ్చామన్న దానిపై ఆధారపడి ఉంటుంది.

చరిత్ర

1950లో అమెరికా శాస్త్రవేత్త ఎర్విన్ హాన్ స్పిన్ ప్రతిధ్వనిని ప్రకటించాడు. అతడు వాడినవి 90° పల్సులు. 1954లో కార్, పర్సెల్ 180° పల్సులతో ఈ పద్ధతిని మెరుగుపరచారు. 1979లో మోరిస్, ఫ్రీమన్‌ల ఇనెప్ట్ పద్ధతి, 1980లో బోడెన్‌హౌసెన్, రూబెన్‌ల హెచ్.ఎస్.క్యూ.సి. పద్ధతి వెలువడ్డాయి.

సూత్రం

ఇద్దరు ఒకే గీత నుండి వేర్వేరు వేగాలతో పరుగెత్తుతున్నారనుకుందాం. కొంతసేపటికి ఈల వేయగానే ఇద్దరూ వెనుదిరిగితే, అంతే కాలం తరువాత ఇద్దరూ ఒకేసారి గీతను చేరుకుంటారు. 180° పల్సు ఈ ఈల వంటిది. అయితే వెనుదిరిగేటప్పుడే వారు తమ వేగాలను పరస్పరం మార్చుకుంటే మాత్రం ఒకేసారి గీతను చేరలేరు. కార్బన్ స్పిన్ తలక్రిందులైనప్పుడు, దానితో యుగ్మితమైన ప్రోటాను రెండు రేఖలకు జరిగేది ఈ వేగాల మార్పిడే.

మూడు విధాలు

ప్రోటాను సంకేతాన్ని గమనిస్తూ, విరామం మధ్యలో పల్సు ఇచ్చినప్పుడు:

* ప్రోటానుకు మాత్రమే ఇస్తే: రసాయన విస్థాపనం, కార్బన్‌తో యుగ్మనం రెండింటి ప్రభావమూ రద్దవుతుంది.
* కార్బన్‌కు మాత్రమే ఇస్తే: యుగ్మన ప్రభావం రద్దవుతుంది, విస్థాపనం నిలుస్తుంది.
* రెండింటికీ ఒకేసారి ఇస్తే: విస్థాపనం రద్దవుతుంది, యుగ్మనం నిలుస్తుంది.

ఉపయోగం

ఇనెప్ట్‌లో మూడవ విధానాన్ని వాడతారు. ప్రోటాను అయస్కాంతీకరణాన్ని కార్బన్‌కు బదిలీ చేయాలంటే యుగ్మనం నిలవాలి. విస్థాపనాలు భిన్నంగా ఉన్నా ప్రోటానులన్నీ ఒకే దశలో ఉండాలి. పల్సుకు ఇరువైపులా విరామం, యుగ్మన స్థిరాంకానికి నాలుగు రెట్ల విలువతో 1ని భాగించగా వచ్చేది. స్థిరాంకం 140 హెర్ట్జ్ అయితే ఇది సుమారు 1.8 మిల్లీసెకన్లు. ప్రోటాను గైరోమాగ్నెటిక్ నిష్పత్తి కార్బన్-13 కంటే సుమారు నాలుగు రెట్లు కనుక, ప్రకృతిలో 1.1 శాతమే ఉండే ఈ కేంద్రకం యొక్క బలహీన సంకేతం బలపడుతుంది. రెండు పల్సులలో ఒకటి లోపిస్తే బదిలీ చెడుతుంది.

హెచ్.ఎస్.క్యూ.సి.లో కార్బన్ విస్థాపనాన్ని నమోదు చేసే కాలం మధ్యలో ప్రోటానుకు మాత్రమే 180° పల్సు ఇస్తారు. అందువలన యుగ్మనపు చీలిక తొలగి, ప్రతి కార్బన్-ప్రోటాను జంటకు ఒకే మచ్చ కనిపిస్తుంది.

లోపాలు, సవరణలు

పల్సు కోణం సరిగ్గా 180° కాకున్నా, స్పిన్ పౌనఃపున్యం పల్సు పౌనఃపున్యానికి దూరంగా ఉన్నా అనవసర సంకేతాలు పుడతాయి. వీటిని తగ్గించడానికి పల్సుకు ఇరువైపులా సమాన క్షేత్ర ప్రవణతలు, దశా చక్రాలు, సంయుక్త పల్సులు వాడతారు. అణువుల విసరణ వలన, సహజ శిథిలీకరణం వలన కలిగే సంకేత నష్టాన్ని మాత్రం ఒక్క పల్సుతో పూర్తిగా పూడ్చలేము.

హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, సి.సి.ఎం.బి.లలో ఎన్.ఎం.ఆర్. పరికరాలున్నాయి. ఔషధ అణువుల నిర్మాణాన్ని నిర్ధారించడంలోను, ప్రోటీనుల అధ్యయనంలోను ఈ ప్రయోగాలు ముఖ్యమైనవి.