విశాఖ తీరంలో కెరటాల అంచనా

విశాఖపట్నం తీరంలో ఇసుక మేటల మీద విరిగే కెరటాల ఎత్తు, వ్యవధి, దిశలను ముందుగా లెక్కగట్టి చెప్పడాన్ని ఇక్కడ కెరటాల అంచనా అంటున్నాం. యారాడ, రామకృష్ణ బీచ్ (ఆర్కే బీచ్), లాసన్స్ బే, జోడుగుళ్లపాలెం, రుషికొండ, మంగమారిపేట, భీమునిపట్నం దీని పరిధి. ఈ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతూ ఆగ్నేయం వైపు ముఖం పెట్టి ఉంటుంది. అక్కడక్కడ ఖొండలైటు రాతి గుట్టలు నీటిలోకి చొచ్చుకు వచ్చినా, కెరటం విరిగేది ఎక్కువగా ఇసుక మీదే. సర్ఫింగ్ చేసేవారు ఇటువంటి చోటును బీచ్ బ్రేక్ అంటారు. పగడపు దిబ్బ మీద, రాతి కొన మీద కెరటం ప్రతిసారీ ఒకేచోట విరుగుతుంది. ఇసుక మేట మాత్రం వారంలోనే పక్కకు జరుగుతుంది, తుపాను వస్తే ఒక్క రాత్రిలో మాయమవుతుంది. విశాఖ అంచనాలోని కష్టమంతా ఇందులోనే ఉంది.

దూరపు కెరటం, గాలి కెరటం

ఒడ్డుకు వచ్చే కెరటాలు రెండు రకాలు. దగ్గరలో వీచే గాలికి పుట్టినవి గాలి కెరటాలు. వీటి మధ్య ఎడం నాలుగు నుంచి ఏడెనిమిది సెకన్లు, రూపం చిందరవందర. వేల కిలోమీటర్ల అవతల తుపాను గాలికి పుట్టి, ఆ గాలిని వదిలేసి ప్రయాణం సాగించేవి దూరపు కెరటాలు. ఆంగ్లంలో స్వెల్ అనేది వీటినే. వీటి ఎడం పది సెకన్లకు పైగా ఉంటుంది, ఇరవై దాకా కూడా పోవచ్చు. ఒక శిఖరం దాటాక రెండో శిఖరం అదే చోటికి రావడానికి పట్టే కాలమే వ్యవధి. అంచనాలో అన్నిటికన్నా విలువైన అంకె ఇదే, అయినా జనం చూసేది ఎత్తునే.

విశాఖకు అసలైన దూరపు కెరటాలు దక్షిణ హిందూ మహాసముద్రం నుంచి వస్తాయి. 40 డిగ్రీల దక్షిణ అక్షాంశానికి దిగువన పడమటి గాలులు ఏడాది పొడవునా వీస్తాయి. అక్కడి తుపానుకూ విశాఖకూ మధ్య దూరం సుమారు 7,000 కిలోమీటర్లు. లోతైన నీటిలో కెరటాల గుంపు వేగం వ్యవధిని బట్టి పెరుగుతుంది. 18 సెకన్ల గుంపు గంటకు 50 కిలోమీటర్ల చొప్పున నడిచి ఆరో రోజుకు చేరుతుంది. 15 సెకన్లవి గంటకు 42 కిలోమీటర్ల లెక్కన ఏడో రోజుకు, 12 సెకన్లవి తొమ్మిదో రోజుకు వస్తాయి. ఒకే తుపాను బిడ్డలు మూడు రోజుల తేడాతో ఒడ్డెక్కుతాయన్నమాట. ముందు వచ్చేవి ఎత్తులో చిన్నవి, వ్యవధిలో పొడవైనవి. సముద్రం ప్రశాంతంగా కనబడే రోజున ఎడం ఒక్కసారిగా 17, 18 సెకన్లకు పెరిగితే, వెనకాల పెద్దవి వస్తున్నాయని అర్థం.

దారిలో శ్రీలంక అడ్డు ఉంది. విశాఖ 83.3 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటే, శ్రీలంక తూర్పు కొస 82 డిగ్రీలకు కాస్త ఇవతల ముగుస్తుంది. కాబట్టి తిన్నగా దక్షిణం నుంచి, దక్షిణాగ్నేయం నుంచి వచ్చే కెరటాలకు దారి తెరిచే ఉంటుంది. నైరుతికి ఒరిగి వచ్చేవి చాలావరకు ద్వీపం నీడలో పడి బలం తగ్గుతాయి. కేరళ తీరం మీద విరుచుకుపడిన ప్రతి దూరపు కెరటమూ విశాఖకు అదే బలంతో రాకపోవడానికి ముఖ్య కారణం ఇదే అనిపిస్తుంది. మలయాళంలో కళ్లక్కడల్, అంటే దొంగలా వచ్చే సముద్రం, అని పిలిచే ముంపు ఈ దక్షిణపు కెరటాల వల్ల కలిగేదే. గాలి లేకుండా, ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడే వస్తుంది కనుక దానికి ఆ పేరు. యునెస్కో 2012లో ఈ మాటను శాస్త్ర వ్యవహారంలోకి ఆమోదించింది. సునామీతో దీనిని కలపకూడదు. సునామీ వ్యవధిని సెకన్లలో కాక నిమిషాలలో లెక్కించాలి, పైగా అది పుట్టేది గాలి వల్ల కాదు.

ఋతువులు

ఫిబ్రవరి నుంచి మే వరకు కెరటం సాధారణంగా మీటరు లోపే; దక్షిణపు స్వెల్ స్పష్టంగా కనబడే కాలం ఇది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాలలో ఎత్తు పెరుగుతుంది, గాలి కెరటాలూ దూరపు కెరటాలూ కలిసిపోతాయి. అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. బంగాళాఖాతంలో పుట్టే తుపానుకు కెరటాన్ని పెంచే మైదానం తక్కువ, కాబట్టి ఎత్తు ఎంత ఉన్నా దాని వ్యవధి దక్షిణపు కెరటాలంత పొడవు ఉండదు. డిసెంబరు, జనవరి నెలల్లో ఈశాన్యపు చిన్న కెరటాలు.

అంచనా ఎవరు చెబుతారు

భారత తీరానికంతటికీ ఈ పని చేసే కేంద్రం తెలుగు నేల మీదే, సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన, హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉంది. అదే ఇన్‌కాయిస్ అని పిలిచే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం. 1999 నుంచి స్వయంప్రతిపత్తి సంస్థగా నడుస్తోంది. మత్స్యకారులకు చేపల జాడ చెప్పడం, సునామీ హెచ్చరిక, సముద్ర స్థితి అంచనా దీని ప్రధాన సేవలు. గాలి అంచనాలను వేవ్‌వాచ్, స్వాన్ వంటి గణన నమూనాలకు అందించి కెరటాలను లెక్కిస్తారు. విశాఖ ఎదుట నీటిలో తేలే వేవ్ రైడర్ బోయా కొలతలతో ఆ లెక్కను సరిచూస్తారు.

ఈ విద్యకు పునాది 1940లలో, రెండో ప్రపంచయుద్ధ కాలంలో పడింది. సైన్యాన్ని ఒడ్డున దించేందుకు కెరటాల లెక్క కావలసి వచ్చినప్పుడు హరాల్డ్ స్వెర్‌డ్రప్, వాల్టర్ మంక్ పద్ధతి రూపొందించారు. బులెటిన్లలో కనబడే ‘సార్థక ఎత్తు’ ఆనాటిదే. వచ్చిన కెరటాలలో పెద్దవైన మూడో వంతు తీసుకుని కట్టిన సగటు అది. 1 మీటరు అని రాసి ఉంటే ఆ రోజు ఏదో ఒక కెరటం 2 మీటర్ల దగ్గరికి రావచ్చు. ఈ ఒక్క సంగతి తెలియక మోసపోయినవారు చాలామంది.

అంకెలను చదివే తీరు

రెండు రోజుల బులెటిన్లు పక్కపక్కన పెట్టుకుందాం. మొదటి రోజు ఎత్తు 1 మీటరు, వ్యవధి 6 సెకన్లు. రెండో రోజు ఎత్తు అదే 1 మీటరు, వ్యవధి 16 సెకన్లు. ఎత్తు మాత్రమే చూసేవారికి రెండూ ఒకటే. కానీ కెరటం మోసే శక్తి ఎత్తు వర్గాన్నీ వ్యవధినీ గుణించినట్టు పెరుగుతుంది, కాబట్టి రెండో రోజుది రెండున్నర రెట్లకు పైనే. ఒడ్డున జరిగేది ఇంకో కథ. అడుగు తగిలేకొద్దీ కెరటం వేగం తగ్గి నిటారుగా లేస్తుంది. పొడవైన కెరటం ఎక్కువ లేస్తుంది. 1970ల తొలినాళ్లలో కోమర్, గోఘన్ ఇచ్చిన సూత్రం వాడితే, మొదటి రోజు విరిగే ఎత్తు సుమారు 1.3 మీటర్లు, రెండో రోజు 1.9 మీటర్లు. ఒడ్డుకు ఏటవాలుగా వచ్చినప్పుడు కెరటం ఒంగి పరుచుకోవడంతో ఈ అంకెలు తగ్గుతాయి. అయినా తేడా తేడాయే.

ఒంగడం కూడా రెండింటికీ ఒకేలా ఉండదు. 6 సెకన్ల కెరటం 28 మీటర్ల లోతు దాకా వచ్చేవరకు అడుగును ఎరగదు. 16 సెకన్లది 200 మీటర్ల లోతులోనే, అంటే ఖండతీరపు అంచు దగ్గరే, అడుగును తాకి దిశ మార్చుకోవడం మొదలుపెడుతుంది. ఈ తీరం ఎదుట సముద్రగర్భంలో లోయలున్నాయి. 1950ల తొలినాళ్లలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వాటిని గుర్తించి, ఒకదానికి ఆంధ్ర పేరు, ఇంకొకదానికి భూగర్భ శాస్త్ర ఆచార్యులు సి. మహదేవన్ పేరు పెట్టారు. అలాంటి లోయల మీదుగా వచ్చే కెరటం ఒకచోట గుమిగూడి, ఇంకోచోట పలచబడుతుంది. బులెటిన్ ఇచ్చేది ఎదుటి లోతునీటి అంకె. ఆర్కే బీచ్‌లోనూ రుషికొండలోనూ ఒకే ఉదయం అది ఒకే రూపంలో కనబడదు.

రుషికొండలో మార్చి నెల ఉదయం దీనిని కళ్లారా చూడవచ్చు. నీరు అద్దంలా ఉంటుంది. పది నిమిషాలు మోకాలెత్తు కెరటాలే వస్తాయి. తడి ఇసుక గీత మాత్రం ఆ కెరటాలకు అందనంత పైన, ఎండిన ఇసుకకు ఆనుకుని ఉంటుంది. చూసేవారికి ఆ గీత అర్థం కాదు. తరువాత దూరాన నల్లటి గీతలు నాలుగైదు వరసగా లేస్తాయి, వచ్చి మనిషి ఛాతీ ఎత్తున మడతపడి విరుగుతాయి, నురగ సరిగ్గా ఆ గీత దాకా ఎక్కి ఆగుతుంది. మళ్లీ పది నిమిషాలు నిశ్శబ్దం. వ్యవధులు దగ్గరదగ్గరగా ఉన్న కెరటాలు కలిసినచోట పెద్దవై, విడినచోట అణగడం వల్ల ఈ వరసలు ఏర్పడతాయి. ఒడ్డుకు వెళ్లినవారు ముందుగా తడి గీతను చూడాలి, తరువాత ఒకేచోట రెండు కెరటాలు విరగడానికి మధ్య సెకన్లు లెక్కపెట్టాలి.

గాలి, పోటు

తీరం ఆగ్నేయ ముఖం కనుక వాయవ్యం నుంచి వీచే తెల్లవారుజాము నేలగాలి కెరటానికి ఎదురు నిలిచి దాని ముఖాన్ని నున్నగా చేస్తుంది. పొద్దెక్కాక సముద్రపు గాలి తిరిగితే కెరటం నలిగిపోతుంది. సర్ఫింగ్‌కు ఉదయం మంచిదనడానికి ఇదే కారణం. పోటు, పాటు రోజుకు రెండేసి సార్లు వస్తాయి. అమావాస్య, పున్నమి రోజుల్లో నీటిమట్టం తేడా సుమారు 1.4 మీటర్లు, అష్టమి ప్రాంతాల్లో అర మీటరు. కెరటం తన ఎత్తుకు సుమారు ఒకటింబావు రెట్ల లోతులో విరుగుతుంది, అందుకే పాటులో మేట మీద విరిగేది పోటులో ఒడ్డు దగ్గరకు వచ్చి విరుగుతుంది.

ఇసుక మాట

మార్చి నుంచి సెప్టెంబరు వరకు దక్షిణపు కెరటాలు ఇసుకను ఉత్తరానికి తోస్తాయి, నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు కొంత వెనక్కి వస్తుంది. మొత్తం మీద ఉత్తరపు నడకే ఎక్కువ. ఏటా లక్షల ఘన మీటర్లు కదులుతుందని అధ్యయనాలు చెబుతున్నా, అంకెలు ఒకదానితో ఒకటి పొసగవు. ఈ నడకకు 1933లో మొదలైన విశాఖ రేవు అడ్డం పడింది. ఆ రేవు ముఖద్వారంలో అలలను ఆపడానికి రెండు పాత ఓడలను ముంచారు. 1970లలో బయటి రేవు, దాని గోడలు వచ్చాయి. రేవులో పట్టిన ఇసుకను తవ్వి ఉత్తరాన ఆర్కే బీచ్ వైపు పోయడం ఆనవాయితీ అయింది.

ఆర్కే బీచ్ కోతకు కారణమేమిటన్న దాని మీద మూడు వాదాలున్నాయి. 2014 అక్టోబరు 12న తీరం దాటిన హుద్‌హుద్ తుపాను అని కొందరు, సముద్రగర్భం వంపుల వల్ల కెరటాలు అక్కడే గుమిగూడటమని కొందరు, రేవు గోడలు ఇసుకను ఆపడమని మరికొందరు. హుద్‌హుద్ తరువాతి నెలల్లో నడకదారి కూలడం అందరికీ గుర్తున్న దృశ్యం కనుక మొదటి వాదానికి ప్రచారం ఎక్కువ. కానీ తుపాను కోసిన ఇసుకను ప్రశాంత కాలపు కెరటాలు తిరిగి తెస్తాయి, దక్షిణం నుంచి రావలసిన ఇసుకే ఆగిపోతే తెచ్చేందుకు ఏమీ ఉండదు. మూడో వాదమే బలమైనదిగా తోస్తుంది. మొదటి రెండూ దానికి తోడయ్యాయి.

పాత విద్య

రేవులు లేని కాలంలో కోరమాండల్ తీరమంతా ఓడలు దూరాన లంగరు వేసేవి. సరుకునూ మనుషులనూ కెరటాలు దాటించి ఒడ్డుకు చేర్చేది మసూలా పడవ. మేకులు వాడకుండా కొబ్బరి తాళ్లతో పలకలు కుట్టిన పడవ అది. కెరటం కొట్టినప్పుడు పగలక వంగేది. దాని పేరు మసూలిపట్నం, అంటే మచిలీపట్నం, నుంచి వచ్చిందన్నది జనంలో ఉన్న మాట. పదమూలాన్ని వెతికినవారు అనుమానాలు వెలిబుచ్చారు, కాబట్టి ఊరి పేరు పోలికను తుది సాక్ష్యంగా తీసుకోకపోవడమే మేలు. పడవవాళ్లు కెరటాల వరసల మధ్య విరామం పట్టుకుని తెడ్లు వేసేవారు. తెప్ప మీద వేటకు పోయేవారిదీ అదే లెక్క. ఈనాటి బులెటిన్‌లోని వ్యవధి అన్న అంకె వారికి అనుభవంలో తెలిసినదే.

సర్ఫింగ్ ఈ తీరానికి కొత్త ఆట. తమిళనాడు కోవలం, కర్ణాటక ముల్కి ముందే పేరు తెచ్చుకున్నాయి. రుషికొండకు 2020లో బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది.

ప్రమాదం

మేటల మీదుగా ఒడ్డుకు చేరిన నీరు మేటల మధ్య సందుల గుండా వెనక్కి పరుగెడుతుంది. దీనిని రిప్ ప్రవాహం అంటారు. ఆ సందులో లోతు ఎక్కువ కనుక కెరటం విరగదు, నురగ ఉండదు. ఇరువైపులా తెల్లగా, మధ్యలో ముదురు రంగుతో నిశ్చలంగా కనబడుతుంది. ఈత రానివారు భద్రమనుకుని దిగేది సరిగ్గా అక్కడే. వ్యవధి పెరిగితే ప్రవాహమూ బలపడుతుంది. బలమైన రిప్ సెకనుకు 2 మీటర్లు దాటవచ్చు, దానికి ఎదురీదడం ఎవరి తరమూ కాదు. చిక్కినవారు తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, నురగ ఉన్నచోటి నుంచి బయటపడాలి. కాపాడబోయేవారు చేతులు పట్టుకుని దిగకుండా, తేలే వస్తువు ఏదైనా విసరాలి.

సముద్రానికి వెళ్లే రోజు బులెటిన్‌లో ముందు వ్యవధి చూడండి. అది 14 సెకన్లు దాటి ఉంటే, ఎత్తు అర మీటరే రాసి ఉన్నా, పిల్లలను తడి గీత దిగువకు పంపకండి.