కిస్పొట్టా వారి అమ్మాయి

ఛోటానాగపూర్ చరిత్ర చదువుతుంటే ఒక పేరు దగ్గర ఆగిపోయాను. మేరీ బెర్నదెత్ ప్రసాద్ కిస్పొట్టా. మేరీ, బెర్నదెత్ కతోలిక పేర్లు. చివరి మాట మాత్రం ఒరావ్ ఆదివాసుల గోత్రం పేరు. వాళ్ల కురుఖ్ భాషలో కిస్ అంటే పంది, పొట్టా అంటే పేగులు. ఆ పొట్టా మన తెలుగు పొట్టకు చుట్టమే. కురుఖ్, గోండి, కోయ, కువి, తెలుగు అన్నీ ద్రావిడ కుటుంబానికి చెందిన భాషలు. కన్నును వాళ్లు ఖన్ అంటారు. అంత దూరాన, రాంచీ కొండల్లో ఉన్నా వాళ్లు మనకు మాట చుట్టాలు.

ఒరావుల్లో టొప్పో, మింజ్, ఎక్కా, లక్డా, కుజూర్, తిర్కీ వంటి గోత్రాలు చాలా ఉన్నాయి. ఒక్కో గోత్రానికి ఒక పక్షో, చేపో, జంతువో, చెట్టో గుర్తు. దాన్ని చంపరు, తినరు. ఒకే గోత్రం వాళ్లు ఒకరినొకరు పెళ్లాడరు. మన కోయల్లో గట్టు, గోండుల్లో సగ ఎలాగో అలాగే. మతం మారిన తర్వాత కూడా ఆ అమ్మాయి తన గోత్రాన్ని పేరు చివర ఉంచుకుంది. మతం, బడి కలిసి ఆమె బతుకునూ, ఆమె వెనక నడిచిన ఆడపిల్లల బతుకులనూ ఎలా మలిచాయో ఈ వ్యాసంలో చెప్పాలనుకుంటున్నాను. వాళ్లు పొందిందీ చెబుతాను, పోగొట్టుకున్నదీ చెబుతాను.

ముందు అక్కడి భూమి గురించి తెలియాలి. ఛోటానాగపూర్‌లో అడవి కొట్టి ఊళ్లు కట్టింది ముండాలు, ఒరావులు. 19వ శతాబ్దం నాటికి వాళ్ల మీద జమీందార్లు, ఠేకేదార్లు వచ్చి కూర్చున్నారు. కౌలు పెంచారు. బేగారి చేయించుకున్నారు, అంటే మన వెట్టి. 1831-32లో కోల్ తిరుగుబాటు జరిగింది, అణిచేశారు. 1845లో జర్మనీ నుంచి లూథరన్ మిషనరీలు రాంచీ వచ్చారు. 1885లో బెల్జియం దేశపు కతోలిక గురువు కాన్‌స్టెంట్ లివెన్స్ వచ్చి తోర్పాలో మకాం పెట్టాడు. ఆయన భూమి చట్టాలు చదివాడు. కోర్టు మెట్లెక్కిన రైతులకు దారి చూపాడు. వెట్టికి ఎక్కడ హక్కు ఉందో, ఎక్కడ లేదో విడమరిచి చెప్పాడు. దాంతో ఊళ్లకు ఊళ్లు ఆయన వెంట నడిచాయి. వాళ్లను గుడి దాకా నడిపించిన దారి పొలం గట్టు మీదుగానే పోయింది. ఈ సంగతి దాచిపెడితే చరిత్ర అర్థం కాదు. లివెన్స్ ఏడేళ్లు మాత్రమే అక్కడ ఉన్నాడు. క్షయతో 1892లో తిరిగి వెళ్లి, మరుసటి ఏడు చనిపోయాడు.

ఆడపిల్లల చదువు కోసం 1890లో లొరెటో సిస్టర్లు రాంచీ వచ్చారు. అప్పటి మిషన్ బడులు ఆడపిల్లల్ని కలెక్టర్లను చేద్దామని పెట్టినవి కావు. చదవడం, రాయడం, ప్రార్థన, కుట్టుపని నేర్పి, క్రైస్తవ యువకులకు తగిన భార్యలుగా తయారు చేయాలన్నది వాటి లెక్క. కానీ బడిలో పాఠం ఒకటి చెబితే పిల్లలు ఇంకొకటి కూడా నేర్చుకుంటారు. అది టీచర్లమైన మనందరికీ తెలిసిన విషయమే. ఆ పిల్లలు తమ ముందు ఏం చూశారు? పెళ్లి చేసుకోకుండా, తండ్రి మీదో మొగుడి మీదో ఆధారపడకుండా, ఒక బడిని తామే నడుపుతున్న ఆడవాళ్లను చూశారు. అలాంటి బతుకు ఒకటి ఉంటుందని అంతకుముందు వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

బెర్నదెత్ 1878 జూన్ 2న రాంచీకి దగ్గర్లోని మాండర్ ప్రాంతంలో, సర్గావ్ అనే ఊళ్లో పుట్టింది. రాంచీ సిస్టర్ల బడిలో చదివింది. పెళ్లీడు వచ్చేసరికి తాను పెళ్లి చేసుకోనని, సిస్టర్ల మాదిరిగా ఉంటానని చెప్పింది. సిసిలియా, వెరోనికా, మేరీ అనే మరో ముగ్గురు అదే మాట అన్నారు. ఇళ్లలో గొడవ అయింది. కాక ఏమవుతుంది? ఒరావుల ఇంట్లో ఆడపిల్ల అంటే నాట్లు వేసే చేయి, అడవికి పోయే కాలు, ఓలి తెచ్చే సంబంధం. పెళ్లి కాని ఆడదానికి ఊళ్లో ఒక చోటంటూ లేదు. బతిమాలారు, సంబంధాలు చూశారు. పిల్లలు దిగి రాలేదు. అప్పటికి రాంచీ కలకత్తా ఆర్చిబిషప్ కింద ఉండేది. ఆర్చిబిషప్ పాల్ గొథాల్స్ చివరికి ఒప్పుకున్నాడు. 1897 జూలై 26న, అన్నమ్మ పండుగ రోజున, ఆ నలుగురితో రాంచీలో 'డాటర్స్ ఆఫ్ సెయింట్ ఆన్' సంఘం మొదలైంది. బెర్నదెత్‌కు అప్పుడు 19 ఏళ్లు.

ఇక్కడ మనం గమనించాల్సింది ఒకటుంది. ఈ నలుగురూ తెల్ల సిస్టర్ల దగ్గర పనిమనుషులుగానో, తోడుగానో ఉండిపోలేదు. ఆదివాసీ ఆడపిల్లలే సభ్యులుగా ఒక సంఘం ఏర్పడింది. 1903లో బెల్జియం నుంచి ఉర్సులైన్ సిస్టర్లు వచ్చి రాంచీలో ఆడపిల్లల చదువును ఇంకా విస్తరించారు. ఆ పెద్ద కాన్వెంట్ల దాకా రాలేని పిల్లలు పల్లెల్లో ఉన్నారు. వాళ్ల గుమ్మంలోకి వెళ్లి, వాళ్ల భాషలో అమ్మను ఒప్పించి, పిల్లను బడికి తీసుకురావడం ఇంటి పిల్లకే చేతనవుతుంది. బెర్నదెత్ 1961 ఏప్రిల్ 16న చనిపోయే నాటికి ఆ పని రెండు తరాలు దాటింది. 2016లో కతోలిక సభ ఆమెను దైవ సేవకురాలిగా ప్రకటించింది.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. బెర్నదెత్ కంటే మూడేళ్ల ముందు, 1875లో, అదే ఛోటానాగపూర్‌లో బిర్సా ముండా పుట్టాడు. ఆయన కూడా చాయిబాసాలోని జర్మన్ మిషన్ బడిలో చదివినవాడే. ఆయన మిషన్‌ను వదిలాడు. తన సొంత మార్గం ప్రకటించి, దొరలు, జమీందార్లు, మిషనరీలు అందరూ ఒక్కటేనన్నాడు. 1899 డిసెంబరు 24 రాత్రి ఆయన మనుషుల బాణాలు మిషన్ బంగళాల మీద కూడా పడ్డాయి. అందులో సర్వదాలోని కతోలిక మిషన్ ఒకటి. 1900 జూన్ 9న బిర్సా రాంచీ జైల్లో ప్రాణం వదిలాడు. ఆ సర్వదాలోనే ఉన్న జాన్ హాఫ్‌మన్ అనే గురువు తర్వాత ముండాల భూమి ఆచారాలను ప్రభుత్వానికి వివరించి, 1908 ఛోటానాగపూర్ కౌలుదారీ చట్టం రావడంలో తన వంతు చేశాడు. ఆదివాసీ భూమి ఆదివాసేతరుల చేతికి పోకుండా ఆ చట్టం అడ్డు. మనకు 1/70 ఎలాగో వాళ్లకు అది అలాగ. తిరుగుబాటు లేకుండా ఆ చట్టం వచ్చేది కాదు. ఆచారాన్ని కాగితం మీద పెట్టే చదువు లేకపోతే దాని రూపం వేరుగా ఉండేది. అందుకే బిర్సానూ బెర్నదెత్‌నూ ఎదురెదురుగా నిలబెట్టి, ఒకరిని మెచ్చుకోవడానికి రెండోవారిని తక్కువ చేయడం నాకు ఇష్టం ఉండదు.

పోయినవి కూడా ఉన్నాయి. ఒరావుల యువతీయువకులు పాట, కథ, కట్టుబాటు నేర్చుకున్న చోటు ధుమ్‌కుడియా. రాత్రిళ్లు ఆడిపాడే చోటు అఖ్రా. మిషనరీలు వాటిని పాపం చోటుగా చూశారు, క్రైస్తవ పిల్లల్ని వెళ్లనీయలేదు. ఒకే ఊళ్లో సర్నా దగ్గర మొక్కేవాళ్లకూ, చర్చికి పోయేవాళ్లకూ మధ్య గీత పడింది. 1962-65 వాటికన్ సభ తర్వాత మాందర్ డోలు, కురుఖ్ పాట చర్చిలోకి వచ్చాయి. కానీ మధ్యలో అఖ్రాకు దూరమైన తరాలు తిరిగి రావు.

గోత్రం మాత్రం నిలిచింది. దాని విలువ కోర్టులో తెలిసింది. 1962 ఎన్నికల్లో లోహర్దగా షెడ్యూల్డ్ తెగల స్థానంలో డేవిడ్ ముంజ్నీ అనే క్రైస్తవ ఒరావ్ గెలిచాడు. మతం మారినవాడు ఆదివాసీ కాడని ఓడిపోయిన కార్తీక్ ఒరావ్ కేసు వేశాడు. క్రైస్తవ ఒరావులు గోత్రం, ఆచారాలు పాటిస్తున్నారని, తక్కిన ఒరావులు వాళ్లను తమవాళ్లుగానే చూస్తున్నారని పట్నా హైకోర్టు 1964లో చెప్పింది. మతం మారినంత మాత్రాన తెగ మారదని తేల్చింది. ఆ చర్చ అక్కడా ఇక్కడా ఇంకా ఆగలేదు. దాని గురించి మాట్లాడే మన యువత ఈ తీర్పు తెలుసుకుని మాట్లాడాలి.

నేను కోయదాన్ని. మా ఇంట్లో భూమి పండుగ, కొత్తల పండుగ చేస్తాం. ఆశ్రమ పాఠశాలలో చదివాను. ఒకటో తరగతిలో సారు తెలుగులో ఏం అడుగుతున్నారో తెలియక నెలల తరబడి తల వంచుకుని కూర్చున్నాను. టీచర్ ట్రైనింగ్ అయి, ఉద్యోగంలో చేరిన మొదటి రోజు ఒక పిల్లను కోయలో 'నీ పేరేంటి' అని అడిగితే, అది తల ఎత్తి నా ముఖంలోకి అలాగే చూసింది. బెర్నదెత్ కథ చదివినప్పుడు నాకు ఆ చూపే గుర్తొచ్చింది.

ఏటా బడి తెరిచిన వారంలో పిల్లలందర్నీ ఇంటిపేరు, గట్టు, వేల్పు అడిగి రాయిస్తాను. ఒక ఏడు ఒక అమ్మాయి గట్టు చెప్పలేదు. 'మేం ప్రార్థనకు పోతాం టీచర్, మాకు అవి లేవు' అంది. నేనేమీ అనలేదు. రాంచీలో ఒక సిస్టరమ్మ ఉండేదని, ఆమె పేరు చివర కిస్పొట్టా అని, దాని అర్థం ఇదని చెప్పాను. పేగుల మాటకు తరగతంతా నవ్వింది. ఆ అమ్మాయీ నవ్వింది. మర్నాడు పొద్దున్నే నా బల్ల దగ్గరకు వచ్చి, 'మా అవ్వను అడిగాను టీచర్, మాది ఐదో గట్టు' అని చెప్పింది. తన నోట్సులో తానే రాసుకుంది.

ఆ అమ్మాయి ఏ దేవుణ్ణి మొక్కుతుందన్నది ఆమె ఇష్టం, ఆమె ఇంటివాళ్ల ఇష్టం. ఆమె చదువు మధ్యలో ఆగకుండా చూడటం, తన గట్టు తనకు తెలిసేలా చూడటం మన పని. తోటి టీచర్లను నేను అడిగేది ఇంతే. ఈ ఏడు మీ తరగతిలో కూడా ఆ మూడు గడులు గీయండి. ఖాళీగా వదిలిన పిల్లను తప్పు పట్టకండి, అవ్వను అడిగి రమ్మనండి.