ఆకాశము నుండి చూచిన మన నేల

మన పూర్వీకుల చరిత్రను ఓడల పట్టికలలోను, గిర్మిట్ కాగితాలలోను వెదకుట మనకు అలవాటు. అవి మనుషులను గూర్చిన పత్రాలు. నేలను గూర్చిన పత్రాలు కూడ ఉన్నవి. విమానము నుండి తీసిన ఛాయాచిత్రాలు, వాటి ఆధారముతో గీసిన ఎత్తుపల్లాల పటాలు వాటిలో ముఖ్యమైనవి. ఇవి ఇంజనీర్లకు సంబంధించినవి, మనకేల అని కొందరు అనవచ్చును. కాని డర్బన్ నగరములో మన ఇండ్లు ఎక్కడ లేచినవి, ఎక్కడ కూలినవి, వరద ఎవరి గడపను దాటినది అను విషయములన్నీ ఈ పటాలతో ముడిపడి ఉన్నవి.

1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ మద్రాసు నుండి డర్బన్ చేరినది. 1911 వరకు ఈ విధముగా 1,52,184 మంది నేటాలుకు వచ్చినారు. వారిలో విశాఖపట్నం, గంజాం, గోదావరి, చిత్తూరు ప్రాంతాల తెలుగువారు ఉన్నారు. ఒప్పందము తీరిన పిమ్మట చాలామంది చెరకు తోటలను వదలి, నగరము అంచున కూరగాయల సాగు మొదలుపెట్టినారు. బీదవానికి దొరికే నేల ఎట్టిది? ఏటి ఒడ్డున పల్లము, లేకున్న నిటారైన కొండవాలు. స్ప్రింగ్‌ఫీల్డ్, క్లేర్‌వుడ్ పల్లపు నేలలు. కేటో మేనర్ కొండలు, వాగులు గల చోటు. 1917 అక్టోబరులో ఉమ్గేని నది పొంగి స్ప్రింగ్‌ఫీల్డులోని భారతీయ కుటుంబాలను ముంచివేసినది. పడవాటన్ సిక్స్ అని పేరుపొందిన ఆరుగురు జాలరులు తమ పడవలో 176 మందిని కాపాడినారు. ఆ నేల ఎంత పల్లమో పటము గీయక ముందే మనవారు ప్రాణములతో తెలిసికొన్నారు.

ఇక ఈ పటాలు ఎట్లు తయారగునో చూతము. విమానము తిన్నని వరుసలలో ఎగురుచు నేలను నిలువుగా ఫోటోలు తీయును. ఒక ఫోటోలో కనిపించిన నేలలో ఇంచుమించు 60 శాతము తరువాతి ఫోటోలో మరల కనిపించవలెను. ఆ రెండు ఫోటోలను స్టీరియోస్కోపు క్రింద ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో కొండలు పైకి లేచి, లోయలు క్రిందికి దిగును. మన రెండు కన్నులు దూరమును కొలుచు పద్ధతియే ఇది. నేలమీద సర్వేయర్లు కొలిచిన కొన్ని బిందువులతో పోల్చి ప్రతి చోటు ఎత్తును లెక్కింతురు. సమానమైన ఎత్తుగల చోట్లను కలిపిన గీతలే కాంటూరు రేఖలు. రేఖలు దగ్గరగా ఉన్నచోట వాలు ఎక్కువ. దూరముగా ఉన్నచోట నేల చదును. రోడ్డు ఎటు పోవలెను, మురుగు తనంతట తాను ఎటు పారును, ఎంత మన్ను త్రవ్వవలెను, ఎంత పోయవలెను అనునవి ఈ రేఖలనుబట్టియే నిర్ణయింతురు.

దక్షిణాఫ్రికాలో ఇట్టి ఫోటోలు 1930ల నుండి దేశమంతట తీయబడినవి. అవి కేప్‌టౌన్ నగరమందలి మౌబ్రేలోని ప్రభుత్వ సర్వే కార్యాలయములో భద్రముగా ఉన్నవి. పిమ్మట 1:10,000 కొలతలో, 5 మీటర్లకు ఒక కాంటూరు రేఖతో, ఫోటోమీదనే గీసిన పటాలు కూడ వచ్చినవి.

కేటో మేనర్ విషయము తీసికొందము. 1950లో గ్రూప్ ఏరియాస్ చట్టము వచ్చినది. 1958లో కేటో మేనరును తెల్లవారి ప్రాంతముగా ప్రకటించినారు. 1960లలో వేలాది భారతీయ కుటుంబాలు అక్కడినుండి కదలవలసి వచ్చినది. అనేకులు చాట్స్‌వర్త్ చేరినారు. అక్కడ కొండవాలులను మెట్లుగా చెక్కి, వరుసలుగా ఇండ్లు కట్టినారు. పాత కేటో మేనరులో ఇండ్లు నేలమట్టమైనవి. కొన్ని దేవాలయాలు మాత్రము నిలిచినవి. ఖాళీ చేయుటకు ముందు తీసిన ఫోటోలో ఇంటి కప్పులు, కాలిబాటలు, కూరగాయల మడులు కనిపించును. తరువాతి ఫోటోలో పొదలు కనిపించును. ఈ రెండవ ఫోటో ఒక్కటే చూచినవానికి అది ఖాళీ నేల. కాంటూరు రేఖకు వాలు తెలియును గాని, ఆ వాలుమీద ఎవరు మడులు కట్టినారో తెలియదు.

అయినను ఆ పాత ఫోటోలే తరువాత సాక్షులైనవి. 1994 నాటి భూహక్కుల పునరుద్ధరణ చట్టము పట్టా గలవారికి మాత్రమే గాక, తొలగింపునకు ముందు కనీసము 10 సంవత్సరములు ఎడతెగక అనుభవములో ఉన్న వారికి కూడ హక్కు కోరు వీలు కల్పించినది. కౌలుదారులైన మనవారికి ఇది పెద్ద విషయము. పట్టా లేని ఇంటికి తేదీ తెలిసిన ఫోటోకు మించిన సాక్షి ఏది? కాని 1993లో ఏర్పడిన కేటో మేనర్ అభివృద్ధి సంస్థ అదే నేలమీద కొత్త ఇండ్లకు ప్రణాళిక వేసినది. ఇల్లు లేని ఆఫ్రికన్ కుటుంబాల అవసరము కూడ నిజమైనదే. అందుచేత హక్కు కోరిన అనేకులకు నేలకు బదులు నష్టపరిహారము లభించినది.

పల్లపు నేలల కథ కూడ ముగియలేదు. 1976 మార్చిలో ఉమ్గేని మరల పొంగి స్ప్రింగ్‌ఫీల్డులోని టిన్ టౌన్ రేకుల ఇండ్లను ముంచినది. అక్కడి కుటుంబాలను ఫీనిక్సుకు తరలించినారు. 1987 సెప్టెంబరులోను, 2022 ఏప్రిలులోను నేటాలును మహావరదలు ముంచినవి. 2022లో 400 మందికి పైగా మరణించినారు. ఏటి ఒడ్డున, నిటారు వాలులమీద గుడిసెలు వేసికొన్న బీదలకు ఎక్కువ దెబ్బ తగిలినది. ఒకనాడు మన తాతలు నిలిచిన చోటనే నేడు వేరొకరు నిలిచియున్నారు.

ఇప్పుడు సాధనాలు ఎంతో పెరిగినవి. లైడార్ అను యంత్రము విమానము నుండి లేసరు కిరణాలను పంపి, అవి తిరిగి వచ్చు కాలమునుబట్టి ఎత్తును కొలుచును. చెట్ల ఆకుల సందులలోనుండి కూడ నేలను పట్టుకొనును. చిన్న డ్రోనుతో ఒక పేట పటమును ఒక్క పూటలో తీయవచ్చును. నీరు ఎటు పోవునో కంప్యూటరు ముందుగానే చూపును. కావున తెలియక పల్లములో ఇండ్లు కట్టితిమి అని చెప్పుటకు నేడు ఏ అధికారికిని వీలు లేదు. కొత్త కట్టడము వచ్చునపుడు ఎత్తుల పటమును చూపుమని అడుగుట ప్రతి పౌరుని హక్కు.

మనము చేయవలసిన పని ఒకటి ఉన్నది. 1958కి ముందు కేటో మేనరులో పెరిగినవారు నేడు వృద్ధులు. మన సంఘములు ఆనాటి ఫోటోల ప్రతులను మౌబ్రే నుండి తెప్పించి, పెద్ద కాగితముపై అచ్చువేసి, తెలుగు తరగతి పిల్లలను ఆ పెద్దల ప్రక్కన కూర్చుండబెట్టవలెను. ఈ కప్పు ఎవరిది, ఈ బాట ఏ గుడికి పోవును, ఈ వాగు ఏ నెలలో పొంగును అని అడిగి, ఆ పేర్లను ఫోటోమీదనే తెలుగులో వ్రాయింపవలెను. పిల్లలకు భాష వచ్చును, చరిత్రయు వచ్చును. విమానము తీయలేని భాగము పెద్దల జ్ఞాపకములో ఉన్నది. ఫోటోలు మౌబ్రేలో ఎన్నాళ్ళైనను ఉండును, పెద్దలు ఉండరు. ఈ పని ఈ ఏడే మొదలుపెట్టవలెను.